కణాలు పెరుగుతాయి, రంగే రాదు

లిథోస్పెర్మమ్ అనే మొక్క వేరు కణాల నుంచి షికోనిన్ అనే ఎర్ర రంగు తీయాలనుకునేవాళ్లు బోల్తాపడేది ఇక్కడే: కణాలు గుబురుగా పెరిగే మీడియంలో (పోషక ద్రవంలో) రంగు పుట్టదు. మొక్కల కణాలు పెంచడానికి మామూలుగా వాడే ఎంఎస్ (మురషిగే-స్కూగ్) మీడియంలోని అమ్మోనియమే అడ్డు. అందుకే రెండు దశలు. ముందు కణాలను పెంచి, వడకట్టి, నత్రజని నైట్రేట్ రూపంలో మాత్రమే ఉన్న, రంగు పుట్టించే ఎం-9 మీడియంలోకి మార్చాలి. కాపర్ సల్ఫేట్ లీటరుకు 0.3 మి.గ్రా. ఉండాలి. పెరుగుదల హార్మోన్‌గా 2,4-డి జోలికి పోవద్దు, అది రంగును అణచేస్తుంది, ఐఏఏ అనే హార్మోన్ వాడండి.

25 డిగ్రీలు, పూర్తి చీకటి. ఆత్రం ఆపుకోలేక లైటు వేస్తే, అందులోనూ నీలికాంతి తగిలితే, రంగు తయారీ ఆగిపోతుంది. ఫ్లాస్కును ఊపే షేకర్ ఆగినా ఇబ్బందే, కణాలకు గాలి అందదు.

వచ్చింది షికోనినేనా అని అనుమానముంటే హెక్సేన్ అనే ద్రావకంలోకి రంగు దింపి కొంచెం క్షారం కలపండి. ఎరుపు నీలంగా మారాలి.