బీరువా సర్దితే బొంత తేలింది

మా ఇంట్లో బూజులు దులపడం సంక్రాంతికే అయిపోతుంది. బీరువా మాత్రం నేను ఉగాది ముందుకి అట్టేపెడతాను. కారణం ఎండ. భీమవరంలో జనవరిలో బాగా పొద్దెక్కినా మంచు వదలదు, మడతల్లో చెమ్మ అలాగే ఉండిపోతుంది. మార్చికల్లా ఎండ గట్టిపడుతుంది, ఉక్కపోత ఇంకా మొదలవదు. బట్టలు ఎండబెట్టుకోవడానికైనా, మధ్యాహ్నం కూర్చుని నాలుగు కుట్లు వేసుకోవడానికైనా ఇదే అదను.

అత్తయ్యగారివి, మా అమ్మ ఇచ్చినవి, నావి కలిపి చీరలు బీరువా తలుపు పడనివ్వడం లేదు. ఏడాదిగా కట్టనిది తీసేయాలని యూట్యూబులో అందరూ చెబుతారు. ఆ లెక్కన మన ఇళ్లలో పట్టుచీర ఒక్కటీ మిగలదు. పోనీ జ్ఞాపకం ఉన్నది ఉంచుకుందామంటే ఒక్కటీ బయటికి పోదు. అందుకని ఈసారి కట్టామా లేదా, ఎవరు పెట్టారు అన్నవి పక్కనబెట్టి, గుడ్డలో సత్తువ ఉందా లేదా అన్నదే చూశాను. చీరని కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే పలచబడ్డ చోటు తెలిసిపోతుంది. మడత మీద రెండు బొటనవేళ్లు ఆనించి మెల్లిగా లాగితే చివికిందో లేదో అక్కడికక్కడే చెప్పేస్తుంది.

అత్తయ్యగారి పెళ్లినాటి కంచిపట్టు అలాగే చెప్పింది. పైకి మెరుస్తూనే ఉంది, విప్పితే మడత ఉన్నచోటల్లా బ్లేడు పెట్టి కోసినట్టు నిలువునా చీలింది. ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉంచితే పట్టుకి అదే గతి. అంచు మాత్రం గట్టిగా ఉంది. జరీ పోగు ఒకటి లాగి గోటితో గీరితే లోపల ఎర్ర పట్టుదారం బయటపడింది. అసలు కంచి జరీకి అదే గుర్తు: ఎర్ర పట్టుదారానికి వెండి తీగ చుట్టి, దానిమీద బంగారు పూత పూస్తారు. పాత జరీ కొనేవాళ్లు చీరని కాల్చి, మిగిలిన వెండిని బట్టి డబ్బు ఇస్తారు.

"అమ్మేయమ్మా, చూసినప్పుడల్లా చిరుగే కనబడుతోంది" అన్నారు అత్తయ్యగారు. అంచు అంత బాగుంటే నాకు మనసొప్పలేదు. రెండువైపులా అంచులు తీసి మా అమ్మాయి పరికిణీకి వేయిద్దామన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే కొంగు మాత్రం ముక్కలు చేయకు" అన్నారు.

ఇలా అంచు తీసేవాళ్లకి ఒక మాట. కంచి చీరలో ఒంటి రంగు వేరు, అంచు రంగు వేరు అయితే, ఆ రెండింటినీ మగ్గం మీదే పోగుకి పోగు మెలేసి కలుపుతారు. సరిగ్గా ఆ కలిసిన గీత మీద కత్తెర పెడితే పోగులు విడిపోతాయి. వేలెడు వెడల్పు ఒంటి గుడ్డ వదిలి కత్తిరించి, దాన్ని లోపలికి మడిచి, వెనక పలచటి కాటన్ లైనింగు వేసి కుట్టాలి. మా టైలరుకి ఇది చెబితే "మిషను మీద పట్టు జారుతుందండీ, చేత్తో టాకాలు వేసి తెండి, తర్వాత నేను కొడతా" అన్నాడు. వేసి ఇచ్చాను. కొంగుని పాత మల్లుగుడ్డలో చుట్టి, కలరా ఉండలు తగలకుండా వట్టివేళ్లు పెట్టి పైఅరలో ఉంచాను. కలరా ఉండ జరీకి తగిలితే నల్లబడుతుందని మా అమ్మ ఎప్పుడూ చెప్పేది.

నూలు చీరల దగ్గరికొస్తే పని హాయిగా సాగింది. వెంకటగిరివి, మంగళగిరివి ఉతికి ఉతికి వెన్నలా అయ్యాయి. కట్టుకుంటే మోకాలి దగ్గర పిగిలిపోయేలా ఉన్నాయి, కానీ నాలుగు పొరలు కలిపితే ఎన్నాళ్లయినా ఆగుతాయి. వేసవిలో మా మరదలికి పురుడు. చంటిపిల్లల ఒంటికి పాత నూలుకి మించింది లేదు కాబట్టి బొంత కుట్టాలనుకున్నాను.

ముందు ఫాల్ విప్పేసి, చీరల్ని రాత్రంతా నీళ్లలో నానేశాను. గంజి పూర్తిగా వదలాలి, లేకపోతే పొరలన్నీ కలిశాక సూది దిగదు. ఎండలో ఆరాక హాల్లో చాప మీద కింద ఒక చీర, మధ్యలో మావయ్యగారి తెల్ల పంచెలు, పైన లేత నీలం వెంకటగిరి పరిచాను. మూలలకి బరువు కావాలంటే అత్తయ్యగారు పెరట్లోంచి రుబ్బురోలు పొత్రం తెప్పించారు. మిగతా మూలలకి ఇత్తడి చెంబులు. మధ్యలోంచి మొదలుపెట్టి అంచుల వైపు టాకాలు వేసుకుంటూ పోవాలి. అంచు నుంచి మొదలెడితే నడిమధ్య గుడ్డ ఉబ్బి ముడతపడుతుంది. ఆ తర్వాత వేలెడు ఎడంలో వరసలు. దారం బాగా లాగితే బొంత ముడుచుకుపోతుంది, వదిలేస్తే పిల్లల కాలివేళ్లు ఇరుక్కుంటాయి. పాలిస్టరు చీర ఒక్క పొర కూడా వేయకండి. జారుతుంది, పైగా ఉడుకు.

ఈ హడావుడిలో అడుగు అరలోంచి మా అమ్మమ్మ అల్లిన లేసు గుడ్డ బయటపడింది. అమ్మమ్మది నరసాపురం పక్క పల్లె. మిషనరీలు 19వ శతాబ్దంలో తెచ్చిన పని అక్కడి ఆడవాళ్ల చేతుల్లో స్థిరపడిపోయింది. అన్నం తిన్నాక అరుగు మీద కాళ్లు చాపుకుని, ఏజెంటు ఇచ్చిన దారంతో అల్లేవాళ్లు. అల్లినవన్నీ విదేశాలకి పోయేవి, ఇచ్చే కూలి మాత్రం దారుణం. ఆ లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి పేరు మీద ఉండే ప్రత్యేక గుర్తింపు వచ్చింది. అమ్మమ్మ ఉంటే "కూలి ఏమన్నా పెంచారా?" అని అడిగేది.

గుడ్డ పసుపుపచ్చగా మారి, ఒక మూల గుండుసూది తుప్పు మరక ఉంది. కుంకుడురసం కలిపిన గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టాను. తుప్పుకి నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టి జాడిస్తే పోయింది. లేసుని పిండకూడదు, తువ్వాల్లో చుట్టి అదమాలి. పలచటి గంజి పెట్టి, తువ్వాలు మీద పరిచి ఒక్కో పువ్వునీ వేలితో సర్ది ఆరనిచ్చాను. తడి మీద ఎలా సర్దితే ఎండాక అలాగే నిలబడుతుంది. ఒక పువ్వులో తెగిన గొలుసుని మా అమ్మ లేసు సూదితో కలిపింది. ఇప్పుడది తెల్ల కాటన్ కుర్తీకి కాలరు. ఆఫీసులో ఆన్‌లైన్లో ఎక్కడ కొన్నావని అడుగుతున్నారు.

బాగా పాతబడ్డ పంచెలు వడియాలకి పక్కన పెట్టాను. ప్లాస్టిక్ కవరు మీద పెడితే కింద తడి ఆరదు. గుడ్డ మీదవైతే ఎండాక వెనక నీళ్లు చిలకరిస్తే వాటంతటవే ఊడొస్తాయి.

మిగిలిన పాలిస్టరు చీరల మూట స్టీలు సామాన్లావిడకి చూపించాను. "ఇవి ఎవరిక్కావాలమ్మగారూ, పంట్లాములుంటే తీయండి" అంది. మావారి పాత జీన్సులు కలిపాక ఒక బేసిను ఇవ్వడానికి ఒప్పుకుంది. మూత అడిగితే నవ్వేసి గంప ఎత్తుకుంది.

జాకెట్ల సంగతే తేలలేదు. ఇప్పుడు పట్టవు, కుట్లు విప్పితే చేతుల గుడ్డ తప్ప ఏమీ మిగలదు, చేతి ఎంబ్రాయిడరీ ఉన్నవాటిని అవతల పారేయలేను. అత్తయ్యగారు గుండ్రంగా ముక్కలు కత్తిరించి దిండు గలీబులకి వేద్దామంటున్నారు. ముందు బొంత అంచు పూర్తికావాలి, మరదలికి నెలలు దగ్గరపడుతున్నాయి.