మూడో దెబ్బ మెల్లగా

సియాటిల్ చుట్టుపక్కల మాలాంటి తెలుగు ఇళ్లలో పిల్లల ఆట కూడా ఒక ట్యూషనే. టెన్నిస్‌కు ఒక కోచ్, ఈతకు ఒక కోచ్, వారాంతాల్లో పోటీలు, పక్కన మడతకుర్చీలో ఫోను చూసుకుంటూ తల్లో తండ్రో. ప్యాడిల్ అనే పొట్టి బ్యాటుతో ప్లాస్టిక్ బంతిని నెట్ మీదుగా కొట్టే పికిల్‌బాల్‌లో నాకు నచ్చింది ఆ కుర్చీతో పని లేకపోవడం. 1965లో మాకు దగ్గర్లోనే ఉన్న బైన్‌బ్రిడ్జ్ దీవిలో, వేసవి సెలవుల్లో తోచక గొడవ చేస్తున్న పిల్లల కోసం పెద్దవాళ్లు చేతికందిన సామానుతో కల్పించిన ఆట ఇది. మా పద్నాలుగేళ్ల అమ్మాయి, నేను జోడీగా ఆడతాం. ఇద్దరమూ మధ్యరకం. సర్వీసు తప్పదు, ర్యాలీ సాగుతుంది, కాస్త ఆరితేరినవాళ్లు ఎదురైతే మాత్రం చేతులెత్తేస్తాం.

డిసెంబరు సెలవులకు విజయనగరం వెళ్తూ ప్యాడిళ్లు కూడా పెట్టెలో పెట్టుకున్నాం. మా పుట్టింటి పక్క ఖాళీ స్థలంలో వీధి కుర్రాళ్లు షటిల్ ఆడుకునే సిమెంటు కోర్టు ఉంది. షటిల్ డబుల్స్ కోర్టుకూ పికిల్‌బాల్ కోర్టుకూ కొలత ఒకటే: 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. నెట్‌ను కిందికి దించి అంచుల్లో 36 అంగుళాలు, మధ్యలో 34 అంగుళాలు ఉండేలా కడితే సగం పని అయినట్టే. తేడా అంతా ముందు గీతలో ఉంది. షటిల్‌లో అది నెట్‌కు ఆరున్నర అడుగుల దూరంలో ఉంటుంది, మాకు ఏడడుగులు కావాలి. టేపు కోసం వెతుకుతుంటే మా అమ్మ వచ్చి, పాత గీత నుంచి రెండు బెత్తెలు వెనక్కి కొలిచి, ముగ్గుపిండితో ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్క ఊపున గీత లాగేసింది. ఎక్కడా వంకర లేదు.

ఆ గీతకూ నెట్‌కూ మధ్య చోటును కిచెన్ అంటారు. అందులో నిలబడి బంతిని గాలిలో ఉండగా కొట్టకూడదు, నేలమీద పడి లేచాకే కొట్టాలి. ఈ ఒక్క నియమం ఉండబట్టే కండబలం ఉన్నవాడు నెట్ మీదికెక్కి ఆట ముగించేయలేడు.

మా నాన్నగారు వయసులో ఉన్నప్పుడు బాల్ బ్యాడ్మింటన్ ఆడేవారు. ఉన్ని బంతి, జట్టుకు ఐదుగురు, బంతి నేల తాకితే ర్యాలీ అయిపోయినట్టే. పికిల్‌బాల్ ఆయన కొత్తగా చూశారు. కాసేపు అరుగు మీద కూర్చుని చూసి, మనవరాలిని పిలిచి, “ప్రతి బంతినీ ఎందుకమ్మా అంత బాదడం? వాళ్లు ముందుకొచ్చి కాచుకుని ఉన్నారు. నువ్వు ఎంత గట్టిగా కొడితే అంత గట్టిగానూ తిరిగొస్తుంది” అన్నారు. అమెరికాలో గంటకింత అని కట్టి వినే పాఠం ఇదే.

లెక్క చూస్తే అది ఎందుకో తెలుస్తుంది. సర్వీసు ఒకటో దెబ్బ, దాన్ని తిప్పికొట్టడం రెండోది. ఈ రెండు బంతులూ ఒకసారి నేలమీద పడి తీరాలి. అందువల్ల సర్వీసు చేసిన జోడీ వెనక గీత దగ్గరే ఆగిపోతుంది, తిప్పికొట్టినవాళ్లు ఈలోగా కిచెన్ గీతకు చేరిపోతారు. అలాంటప్పుడు మూడో దెబ్బ గట్టిగా కొడితే వాళ్లకు వరమిచ్చినట్టే. బంతి మన వైపునే ఎత్తుకు లేచి, దిగుతూ నెట్ దాటి, అవతలి కిచెన్‌లో మెత్తగా పడాలి. అప్పుడు వాళ్లు కింది నుంచి పైకి లేపక తప్పదు, ముందుకు నడవడానికి మనకు వ్యవధి దొరుకుతుంది. ఊపు భుజం నుంచి రావాలి, మణికట్టు కదలకూడదు, బంతి ఒంటికి ముందు తగలాలి. ప్యాడిల్‌ను పిడికిలి తెల్లబడేలా పట్టుకుంటే మెత్తని దెబ్బ రానే రాదు. నడక కూడా ఒక్క పరుగు కాదు. అవతలివాళ్లు బంతిని తాకే వేళకు ఎక్కడ ఉంటే అక్కడే రెండు కాళ్లమీద కుదురుగా నిలబడాలి, అది వచ్చిన తీరు చూసి మళ్లీ కదలాలి.

ఇవన్నీ మా అమ్మాయికి నేను ఏడాదిగా చెబుతున్నవే. తల్లి చెబితే సాధింపు, తాతయ్య చెబితే కిటుకు. ఆయన గురి కోసం కిచెన్‌లో చేట బోర్లించారు. ప్లాస్టిక్ బంతి దాని మీద టపటపా రెండుసార్లు పడిందో లేదో, “చేటతో ఆటలేమిటి, ఇంటికి మంచిదేనా?” అని అమ్మ వచ్చి పట్టుకుపోయింది. తర్వాత బక్కెట్టు మూతతో సరిపెట్టుకున్నాం.

మా పిల్లది ఎడమచేతి వాటం. ప్రసాదం దగ్గరా, ఎవరికైనా ఏదైనా ఇచ్చే దగ్గరా అమ్మమ్మ వారించే ఆ చేయే కోర్టులో తాతయ్యకు తెగ ముద్దొచ్చింది. ఎడమచేతివాటం పిల్లను కుడివైపు, నన్ను ఎడమవైపు నిలబెడితే ఇద్దరి ఫోర్‌హ్యాండూ, అంటే అరచేతి వైపు నుంచి కొట్టే దెబ్బ, కోర్టు మధ్యకే ఉంటుందని ఆయనే కనిపెట్టారు. మా మధ్యలోకి బంతి వేసి గెలిచేవాళ్ల ఆట అక్కడితో కట్టు. అయితే సర్వీసులో పాయింటు వచ్చినప్పుడల్లా చోట్లు మారాలి కదా, కొట్టిన వెంటనే ఎవరి వైపుకు వాళ్లు జరగడం సాధన చేయాలి.

తాతయ్యతో జోడీ కట్టినప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. అవతలినుంచి భుజం ఎత్తున దూసుకొచ్చే బంతి చాలావరకు బయటికే పోతుంది, ముట్టుకోకూడదు. అది జోడీకి అరిచి చెప్పాలి. అమెరికా కోర్టులో యాభై ఏళ్ల మనిషిని పేరుపెట్టి పిలిచి కేకేసే పిల్ల, ఇక్కడ “తాతయ్యా, వదిలేయండి” అని మర్యాదగా పూర్తిచేసేలోపు ఆయన కొట్టేసేవారు. “వద్దు” అని ఒక్క మాట అంటే చాలని ఆయనే తేల్చారు. నాకు ఆ ఏర్పాటు ఎంతో నచ్చింది. పెద్దరికం పోలేదు, పాయింటూ పోలేదు.

తన తమ్ముడు తప్పు కొడితే మా అమ్మాయి కళ్లు తిప్పుతుంది. అది చూసి నాన్నగారు విజ్జీ కథ ఎత్తుకున్నారు. ఈ ఊరి మహరాజకుమారుడు 1936లో భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లాడు. ఆ పర్యటనలోనే జట్టులోని ఆటగాడు లాలా అమర్‌నాథ్‌ను మధ్యలో ఇంటికి పంపేశారు, టెస్టు సిరీస్ 2-0తో ఓడారు. “సొంత జట్టుతో తగవు పెట్టుకుంటే అంతే” అన్నారు. వాడు ఆ కథను ఇప్పుడు అక్క మీద ప్రయోగిస్తున్నాడు.

సియాటిల్‌కు తిరిగొచ్చాక గంటలో సగంసేపు పోటీ ఆట ఆడటం లేదు. కిచెన్ గీత దగ్గర ఎదురెదురుగా నిలబడి ఐమూలగా మెల్లని బంతులు వేసుకుంటాం. ఐమూల దారి పొడవు ఎక్కువ, నెట్ మధ్యలో తక్కువ ఎత్తు, తప్పులు తగ్గుతాయి. నెట్ కంటే కిందున్న బంతిని బాదకూడదన్నది ఇద్దరి ఒప్పందం. గెలుపు అప్పుడప్పుడూ పలకరిస్తోంది. రెండు ఫోర్‌హ్యాండ్లూ మధ్యలోనే ఉండటంతో ఇప్పుడు కొత్త తగవు: మధ్య బంతి ఎవరిది? బంతికి ఐమూలగా ఉన్నవాళ్లది అని నేను, ముందు చేయి చాపినవాళ్లది అని అమ్మాయి. మొన్న రెండు ప్యాడిళ్లు ఠపీమని కొట్టుకుని నా దానికి అంచు లేచింది. విజయనగరానికి ఫోనులో ఫిర్యాదు వెళ్లింది, అదీ నా మీదే.