అనాబ్ షాహీ కోసం సైకిలెక్కాను

జీతం అందిన రోజు మా నాన్న మొజంజాహి మార్కెట్ మీదుగా ఇంటికొచ్చేవాడు. ఎండలు ముదరక ముందు అయితే ఆయన సంచిలో కాగితం పొట్లం ఒకటి తప్పకుండా ఉండేది. పచ్చదనం పోయి తేనెరంగు తిరిగిన పెద్ద ద్రాక్షపళ్ళు. దీపానికెదురుగా పట్టుకుంటే లోపల గింజలు కనబడేవి. అనాబ్ షాహీ అనేవాళ్ళు. ఎనభైల నాటి మాట ఇది. గింజలు ఎవరెంత దూరం ఉమ్ముతారోనని నేనూ మా చెల్లెలూ పందెం కాసేవాళ్ళం.

నిరుడు దీపావళి తర్వాత రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. నాకు షుగరు గీత దాటిందని రిపోర్టు వచ్చింది. మా అమ్మ పళ్ళబండి ముందు నిలబడి, "ఆ గింజల ద్రాక్ష ఎక్కడా దొరకట్లేదేంరా?" అంది. డాక్టరు నడవమన్నాడు. నాకు నడక విసుగు. అందుకని సైకిల్ కొన్నాను. షుగరు తగ్గించుకోవడానికి సైకిల్ కొని ద్రాక్షపళ్ళు వెతకడానికి బయల్దేరినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

అత్తాపూర్‌లో ఒకాయన దగ్గర పన్నెండు వేలకు పాత గేర్ల సైకిల్ దొరికింది. మొదటి వారమంతా మోకాళ్ళ నొప్పి. వయసు మీద పడిందనుకున్నాను. అసలు తప్పు సీటుది. సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ళూ నేలకి ఆనాలని చిన్నప్పుడు అద్దె సైకిల్ మీద నేర్చుకున్న లెక్క ప్రకారం పెట్టుకున్నాను. కానీ పెడల్ అడుగుకి వెళ్ళినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా చాపుకోవాలి, అదీ ఎత్తు. మూడు వేళ్ళు పైకి లేపాను, నొప్పి పోయింది. గేర్ల విద్య ఇంకో వారం పట్టింది. ఎత్తు మొదలయ్యాక గేరు తగ్గిస్తే చెయిన్ కటకటమంటుంది, ఒక్కోసారి ఊడి చేతికొస్తుంది. ఎత్తు కనబడగానే, కాళ్ళ మీద బరువు పడకముందే తగ్గించాలి. హైదరాబాద్‌లో చదునైన రోడ్డంటూ లేదని నాకు ముప్ఫై ఏళ్ళు బండి నడిపినా తెలియలేదు. అంతా రాతినేల, అలల్లా లేస్తూ పడుతూ ఉంటుంది. ఆ సంగతి తొడలు చెప్పాయి.

ఇక దారులు. ఇక్కడే ఎక్కువ కాలం పోయింది. చేవెళ్ళ రోడ్డు మర్రిచెట్ల కోసం అటు వెళ్ళాలని మనసు లాగింది. ఒక ఆదివారం వెళ్ళాను కూడా. ఊడలు దిగిన ఆ చెట్ల కింద నీడ ఎంత చల్లగా ఉంటుందో, వెనకనుంచి వచ్చే టిప్పర్ల హారను అంత వేడిగా ఉంటుంది. రోడ్డు అంచు దిగి నిలబడి పది లారీలు లెక్కపెట్టి వెనక్కి తిరిగాను. ఆ తర్వాత నాకు నేను పెట్టుకున్న నియమం ఒకటే: మ్యాపులో పసుపుపచ్చగా, లావుగా ఉన్న గీత ముట్టుకోకూడదు. సన్నటి తెల్ల గీతల మీద, పాల బండ్లు తిరిగే దారుల మీద పోవాలి. ఒక్కోసారి తెల్ల గీత ఎవరిదో వెంచర్ గేటు ముందు ఆగిపోతుంది. వాచ్‌మన్ సైకిల్‌ను చూసి నవ్వి పక్క సందు చూపిస్తాడు.

అలా నాకు కుదిరిన దారి హిమాయత్ సాగర్ వైపుది. 1908 సెప్టెంబరులో మూసీ వరద ఊరిని ముంచేశాక కట్టిన రెండు చెరువుల్లో ఇది రెండోది. ఉస్మాన్ సాగర్ 1920లో, ఇది 1927లో పూర్తయ్యాయి. వీటి నీళ్ళు చెడకుండా 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు అడ్డు వేశారు. నాలాంటి సైకిల్‌వాడికి ఇంకా కాస్త ఖాళీ రోడ్డు, కాస్త జొన్నచేను, రోడ్డు మీద ఆరబోసిన కందులు దొరుకుతున్నాయంటే ఆ జీవో పుణ్యమే. ఇది నా మాట. అక్కడి రైతును అడిగితే వేరేలా చెబుతాడు. జీవో హద్దుకి అటువైపు ఎకరం కోట్లు పలుకుతుంటే తన భూమి మాత్రం పలకట్లేదని ఆయన బాధ. వారానికోసారి పొద్దున గాలి పీల్చి పోయే నేను ఆయనకేం చెప్పగలను?

ఫిబ్రవరి రెండో ఆదివారం ఐదింటికి బయల్దేరాను. రెండు సీసాల నీళ్ళు, నాలుగు ఖర్జూరాలు, ఒక ఉప్పు నిమ్మకాయ డబ్బీ. శివరాత్రి ఇంకా రాలేదు కాబట్టి చలి పోలేదు. రాజేంద్రనగర్ దాటాక వేళ్ళు బ్రేకుల మీద కొయ్యబారిపోయాయి. చెరువు దగ్గర పొగమంచు. నీటికాకులు రాళ్ళ మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. ఒక ఊరి మొదట్లో నాలుగు కుక్కలు తగులుకున్నాయి. తొక్కి తప్పించుకోబోతే అవే గెలుస్తాయి. దిగి, సైకిల్‌ని మధ్యలో పెట్టుకుని నడిస్తే వాటికి మన మీద ఆసక్తి పోతుంది. నాలుగో కుక్కకు మాత్రం పోలేదు, ఊరి చివరిదాకా సాగనంపి వెళ్ళింది.

నర్కుడ దగ్గర అమ్మపల్లి రామాలయం. దూరం నుంచి ఏడంతస్తుల గోపురం ఒక్కటే చేల మధ్య లేచి కనబడుతుంది. సినిమాల్లో మీరంతా చూసిందే, ఏ ఊరి గుడి కావాలన్నా ఇక్కడే తీస్తారు. కోనేటి మెట్ల మీద కూర్చుని ఖర్జూరాలు తిన్నాను. బయటికి వచ్చేసరికి వెనక చక్రం నేలకి అతుక్కుపోయి ఉంది.

పల్లేరు కాయ. మూడు కొమ్ముల ఆ కాయ మా ఊళ్ళో చెప్పుల్లేని పిల్లలందరికీ చుట్టమే. ట్యూబు మార్చడం వీడియోల్లో పదిసార్లు చూసినవాణ్ణే. చక్రం విప్పాను, ట్యూబు తీశాను, దగ్గరున్న కొత్త ట్యూబు వేశాను, గాలి కొట్టాను. అర కిలోమీటరులో మళ్ళీ చప్పబడింది. ముల్లు టైరులోనే ఉండిపోయిందన్నమాట. వీడియోలవాళ్ళు ఆ ముక్క చెప్పే ఉంటారు, నేనే తొందరలో దాటవేసి ఉంటాను.

సైకిల్ తోసుకుంటూ తర్వాతి ఊరికి చేరాను. చింతచెట్టు కింద పంక్చర్ దుకాణం. అరవై దాటిన మనిషి, నల్లబడ్డ గోళ్ళు. ట్యూబును బకెట్ నీళ్ళలో ముంచి ఒత్తాడు. సన్నటి బుడగలు దారం పోగులా పైకొచ్చాయి. ఆ చోట ఆకురాయితో గీసి, సొల్యూషన్ రాసి, ఊది, ఆరేదాకా చుట్ట వెలిగించి కూర్చున్నాడు. తర్వాత చేసిన పని చూడండి. టైరు లోపల చేత్తో తడమలేదు. దూది ఉండ ఒకటి తీసుకుని లోపలంతా నెమ్మదిగా తిప్పాడు. ఒకచోట దూది తట్టుకుని నాలుగు పోగులు అక్కడ నిలిచిపోయాయి. ఆ పోగుల కింద ఆవగింజంత ముల్లు మొన. పట్టకారుతో లాగి నా అరచేతిలో పెట్టాడు.

"గింత దానికి ఇంత కథ" అన్నాడు.

గాలి దగ్గర మళ్ళీ కథ. నా ట్యూబు వాల్వు సన్నది, ఆయన కంప్రెసరు మోటారుసైకిళ్ళది.

"దీని ముక్కు సన్నగున్నది సారూ. మన గాలి దీనికి పట్టది."

నా చేతి పంపుతో ఇద్దరం వంతులేసుకుని రెండు వందల పోట్లు కొట్టాం. ఆ వాల్వుకి తొడిగే ఇత్తడి బిళ్ళ యాభై రూపాయలకి దొరుకుతుందని ఆ తర్వాత తెలిసింది. చిన్నప్పుడు సైకిల్ వాల్వుకి తొడిగే రబ్బరు వాల్‌ట్యూబు ముక్క జేబులో పెట్టుకు తిరిగిన బుద్ధి ఇప్పుడేమైందో.

కొడుతూ కొడుతూ ద్రాక్ష తోటలు ఎక్కడైనా ఉన్నాయా అని అడిగాను. ఆయన చేయి చాచి రోడ్డవతల వెంచర్ కంచె చూపించాడు. "గా కడీలు సూడుండ్రి."

ఆరేడు అడుగుల రాతి కడీలు, ప్లాట్ల చుట్టూ ముళ్ళతీగ కట్టడానికి పాతినవి. దగ్గరికెళ్ళి చూస్తే ఒక్కొక్కదాని నెత్తిన తుప్పుమరక ఒకటి, ఒకప్పుడు పందిరి తీగ ఒరిసిన గాడి ఒకటి. తోటలు పోయాయి, వాటి రాళ్ళు ప్లాట్లకు కాపలా కాస్తున్నాయి. అప్పటిదాకా దారి పొడుగునా అలాంటి కడీలే చూసుకుంటూ వచ్చాను, గుర్తుపట్టలేదు. ఇంటికెళ్ళేటప్పుడు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మూడో వెంచర్ దగ్గర మానేశాను.

ఆయన చెప్పిన గుర్తుల ప్రకారం షాబాద్ రోడ్డు దిగి మట్టిబాట పట్టాను. మూడెకరాల తోట. పందిరి కింద తల వంచుకుని నడవాలి. ఎండ ముక్కలు ముక్కలుగా పడుతోంది, గుత్తులు ముఖానికి తగులుతున్నాయి. రైతు నా వయసువాడే. ఏడాదికి తీగకి రెండు కటింగులని చెప్పాడు. ఏప్రిల్‌లో కొమ్మ కోసం, అక్టోబరులో కాయ కోసం. అక్టోబరు కటింగు తర్వాత వాన పడితే బూజు తెగులు, ఆ ఏడు అప్పు. ఇప్పుడు ఆయన దగ్గరున్నది థామ్సన్ సీడ్‌లెస్, కాసిని నల్లవి. గుత్తులను జీఏ అనే హార్మోను మందులో ముంచితేనే పండు సైజు వస్తుందట.

అనాబ్ షాహీ అనగానే నవ్వాడు.

"మా నాయిన పెట్టిండు సార్. ఎకరానికి బండ్లకు బండ్లు తీసిండు. తెంపినంక నిలవది, తోలు పల్చన. దూరం పంపాలంటే దారిలనే కారిపోతుండె. గింజ ఉన్నదంటే ఇప్పుడెవ్వరు కొంటరు?"

ఆ తీగను 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన హైదరాబాద్‌కు తెచ్చాడని చదివాను. ఆ మాట రైతుకు చెప్పాను. ఆయన తల ఊపి, "మా నాయినకు ఎరికేమో" అని తూకం వేయడంలో పడ్డాడు. మూడు కిలోలు తీసుకున్నాను. వస్తుంటే వెనకనుంచి కేకేశాడు. వాళ్ళ బామ్మర్ది బావి మీద పాత తీగ ఒకటి ఉందట, పీకెయ్యమన్నా పీకలేదట, మార్చి నెలలో పండుతుందట.

వీపుసంచిలో ద్రాక్ష మొయ్యకూడదని రాజేంద్రనగర్ ఎత్తు మీద తెలిసింది. చొక్కా వెనకంతా తీపి చెమట. పదకొండింటికి ఇల్లు చేరేసరికి కిలో పైన రసమైంది. మొత్తం యాభై రెండు కిలోమీటర్లు. రెండు నెలల కింద ఫ్లైఓవర్ పిల్లర్ నంబరు వంద దాకా వెళ్ళి ఆటోలో వచ్చినవాణ్ణి.

అమ్మ ఒక పండు నోట్లో వేసుకుని కాసేపు నాలుకతో వెతికింది.

"గింజేదిరా?"

"వీటికి ఉండవమ్మా."

ఇంకో రెండు తింది. తియ్యగానే ఉన్నాయంది. తర్వాత నేను చెప్పిన బావి మీది తీగ కథంతా విని, గోడ మీది క్యాలెండర్ దగ్గరకు వెళ్ళి ఒక కాగితం పైకెత్తింది.

"మార్చంటే, మొదట్లోనా? చివర్లోనా?"