కొత్త ముఖంలో పాత కోపం

గట్టి దెబ్బ తిన్నవాళ్లు కొత్తవాళ్లని చూడగానే బిగుసుకుపోతే "అనుమానం మనిషి" అనేస్తాం. చాలా అన్యాయమైన మాట అది. పుట్టుబుద్ధి కాదు, కన్ను నేర్చుకున్న పాఠం.

ముఖం 100 మిల్లీసెకన్లు కనిపిస్తే చాలు, నమ్మొచ్చో లేదో ఎవరి మనసైనా తేల్చేసుకుంటుందని 2006లో విల్లిస్, తొదొరోవ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించారు. ఇంకాస్త సేపు చూడనిస్తే తీర్పు పెద్దగా మారలేదు, దాని మీద ధీమా పెరిగింది.

2002లో పొల్లాక్, కిస్లర్ అనే పరిశోధకులు ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లలకి ఒక భావం నుంచి ఇంకో భావంలోకి మెల్లగా మారే ముఖాలు చూపించారు. కోపం, భయం కలిసిన చోట మిగతా పిల్లలు భయం అన్నవాటిలో కొన్నింటిని వీళ్లు కోపం అన్నారు. సంతోషం భయంగా మారే ముఖాల దగ్గర మాత్రం ఇద్దరికీ తేడా లేదు. చూపు చెడలేదు, ఏది కోపమో తేల్చే గీత మాత్రమే జరిగింది. చెయ్యి లేచేలోపు పసిగట్టాల్సిన ఇంట్లో ఆ గీత కాపాడుతుంది. ఇల్లు దాటాక మాత్రం బస్సులో అలసిపోయిన కండక్టరు కూడా కసురుతున్నట్టే కనిపిస్తాడు.

"అందరూ అలా ఉండరులే" అని సర్దిచెబితే అందుకే తలకెక్కదు. అందరినీ తప్పించుకు తిరిగితే ఇంకా నష్టం: తప్పు అంచనా తప్పని తేలే అవకాశమే రాదు.

మనసుకి తగిలిన గాయాలకి ఇచ్చే మాటల చికిత్స కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీలో, మామూలుగా 12 సెషన్లలో, నమ్మకం గురించి ప్రత్యేకంగా పనిచేస్తారు. నమ్మకం ఒకే ముద్ద కాదు. రహస్యం దాచడం వేరు, అప్పు తీర్చడం వేరు, చెప్పిన వేళకి రావడం వేరు. ఒకదాంట్లో తప్పినవాళ్లు ఇంకోదాంట్లో నిలబడొచ్చు. ఇంట్లో చేసుకోగలిగేది: కాగితం మీద మూడు గళ్లు. కంటికి కనిపించింది ("కనుబొమ్మలు ముడిచాడు"), మనసు అన్నది ("నా మీద కోపం"), చివరికి జరిగింది. మొదటి గడిలో "కోపంగా చూశాడు" అని రాయకండి, అది రెండో గడిది. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు.

కొత్తవాళ్లని తెలుసుకోవడానికి చిన్న విషయంలో "వద్దు" అని చూడండి. కాఫీ వద్దంటే వదిలేశారా, పదేపదే బలవంతపెట్టారా? రెండోదైతే మీ బెదురుని కొట్టిపారేయకండి.

ఈ కాపలా నెల దాటినా సడలక, నిద్ర, పని చెడుతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.