గోడ లేని నీటి కోసం కొలనులో సాధన: ఇప్పటివరకు సాగిన తీరు

గోవాలోని మీరామార్ తీరంలో 2019లో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3 పోటీలో సముద్రంలో 1.9 కిలోమీటర్లు ఈదాలి, 90 కిలోమీటర్లు సైకిల్ తొక్కాలి, 21.1 కిలోమీటర్లు పరుగెత్తాలి. ముగ్గురు కలిసి ఒక జట్టుగా పాల్గొనే వీలు కూడా ఉంది. మా జట్టులో సైకిల్ భాగం మహబూబ్‌నగర్‌లో ఉండే మా బావది, పరుగు దేవరకొండ మిత్రుడిది, ఈత నాది. నేను సాధన చేసేది నల్లగొండలోని 25 మీటర్ల కొలనులో. 1.9 కిలోమీటర్లు పూర్తి కావాలంటే అక్కడ ఈ చివర నుంచి ఆ చివరకు 76 సార్లు ఈదాలి, అంటే 75 సార్లు గోడను కాలితో తన్ని వెనుదిరగాలి. ఒక్కో తన్నుకు బార వేయకుండానే నాలుగు మీటర్లు జారిపోతామనుకుంటే, మొత్తం దూరంలో 300 మీటర్లు నా బదులు గోడే ఈదిపెడుతోంది. సముద్రంలో ఆ గోడ ఉండదు, అడుగున నల్ల గీత ఉండదు, పక్కన వరుసను విడదీసే తాడు ఉండదు. అందుకే సాధనాలు ఎంచుకునేటప్పుడు ఒక్కటే ప్రశ్న వేసుకున్నాను: కొలను ఉచితంగా ఇస్తున్న సాయంలో ఈ వస్తువు ఎంత భాగాన్ని తీసివేస్తుంది?

ఇంత దగ్గర్లో కృష్ణ ఉండగా కొలనులో ఈ తిప్పలెందుకని చాలామంది అడుగుతుంటారు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ మన జిల్లా గుండానే పారుతుంది, కానీ సిమెంటు లైనింగు వేసిన ఆ వాలు గట్లు నాచు పట్టి జారుతుంటాయి కాబట్టి, ప్రవాహంలో దిగినవాడు తిరిగి పైకి ఎక్కడం ఈత బాగా వచ్చినవారికి కూడా కష్టమే. నదిలోనైతే మొసళ్లున్న చోట్లు ఉన్నాయి, పైనుంచి నీరు వదిలినప్పుడు మట్టం, వేగం మారిపోతాయి. పడవ తోడు, అనుమతి, ఆ చోటు తెలిసిన మనిషి, ఈ మూడూ లేకుండా అక్కడ సాధన చేయాలని నేను అనుకోవడం లేదు. ఇక సముద్రమే లేని రాష్ట్రంలో సముద్రపు ఈత ఏమిటని అడిగేవారికి, హైదరాబాద్ వాసి శ్యామల గోలి 2021లో భారత్, శ్రీలంకల మధ్య ఉన్న పాక్ జలసంధిని ఈదిన సంగతి గుర్తుచేస్తే సరిపోతుంది.

ప్రగతిని కొలవడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. గోడకు రెండు మీటర్ల ముందు, అడుగున నల్ల గీత ముగిసే చోటే వెనుదిరిగితే ఒక్కో నిడివి 21 మీటర్లు అవుతుంది, అలా 19 సార్లు ఈదితే 399 మీటర్లు వస్తుంది. దీన్ని మామూలుగా గోడను తన్నుతూ ఈదిన 400 మీటర్లతో పోల్చి చూస్తాను. చలికాలంలో గోడతో 9 నిమిషాల 10 సెకన్లు పట్టింది, గోడ లేకుండా 10 నిమిషాల 35 సెకన్లు పట్టింది. ఆ 85 సెకన్ల తేడాలో కొంత భాగం ఆధారం లేకుండా నీటిలోనే మళ్లడానికి పోతుంది కాబట్టి మొత్తం తేడాను గోడ లెక్కలో వేయడం న్యాయం కాదు, అయినా తగ్గించుకోవలసిన అంకె ఇదేనని నాకు స్పష్టమైంది. మిగిలిన సాధనాలన్నీ ఈ అంకెను కదిలిస్తాయా లేదా అన్నదాన్ని బట్టే నా సంచిలో ఉండడమో ఇంటికి వెళ్లడమో జరిగింది.

అన్నింటికంటే ఎక్కువ పనిచేసింది అన్నింటికంటే చౌకైనది. సైకిల్ దుకాణంలో పారేసే పాత ట్యూబులోంచి అర మీటరు ముక్క కోసి, కొసలు ముడివేసి, చీలమండలకు తగిలించుకుంటే కాళ్లు ఆడించే వీలుండదు. మొదట్లో కాళ్లు నేరుగా కిందికి దిగిపోతాయి. తల దించి, ఛాతీని నీటిలోకి కాస్త నొక్కి, రెండు బారల మధ్య ఖాళీ లేకుండా చేతులు ఆడిస్తేనే నడుము పైకి వస్తుంది. జట్టులో ఈత ఒక్కటే నా బాధ్యత కాబట్టి కాళ్లను సైకిల్ కోసం దాచుకోవలసిన అవసరం నాకు లేదు, అయినా ట్యూబు వల్ల బారలో ఎక్కడ ఆగిపోతున్నానో తెలిసింది. కుడిచేయి ముందుకు చాచి, తల తిప్పి గాలి పీల్చే క్షణంలో నా ముందుచలనం దాదాపు ఆగిపోతోందని ట్యూబు లేనప్పుడు ఎప్పుడూ కనిపించలేదు, ఎందుకంటే ఆ లోటును కాళ్లు పూడ్చేసేవి. ఆరంభంలో 25 మీటర్లకు మించి చేయవద్దు, లోతు తక్కువ ఉన్న వైపే మొదలుపెట్టాలి, పక్కన మనిషి ఉండాలి. తొడల మధ్య పెట్టుకునే తేలే దిమ్మె, అంటే పుల్ బాయ్, దీనికి పూర్తిగా విరుద్ధం, అది సాయం తీసేయకపోగా అదనంగా ఇస్తుంది. ఉప్పునీటి సాంద్రత మంచినీటి కంటే సుమారు 2.5 శాతం ఎక్కువ కాబట్టి సముద్రంలో కాళ్లు కొంత పైకి తేలే మాట నిజమే, కానీ పుల్ బాయ్ ఇచ్చే తేలికదనం దానికంటే చాలా ఎక్కువ.

రెండవది దిక్కు చూసుకోవడం. ఇంట్లో ఖాళీగా ఉన్న 20 లీటర్ల వాటర్ క్యాన్‌లో సగం వరకు నీరు నింపి, మూత బిగించి, నైలాన్ తాడుతో రబ్బరు పూత ఉన్న ఐదు కిలోల డంబెల్‌కు కట్టి కొలను మధ్యలో దింపుతాను. సగం నింపితే అది నీటిలో దిగి నిలుస్తుంది, ఖాళీ క్యాన్ అయితే గాలికి, అలకు ఊరికే తిరుగుతుంది. తాడు లోతు కంటే ఒక అడుగు పొడవుంటే చాలు. కొలను నిర్వాహకులు తుప్పు పట్టే ఇనుమును, కారే ఇసుక సంచిని ఒప్పుకోరు కాబట్టి రబ్బరు పూత తప్పనిసరి. ప్రతి ఆరు లేక ఎనిమిది బారలకు ఒకసారి ఆ క్యాన్‌ను చూడాలి. చూసే పద్ధతి మొసలి కళ్ల వంటిది: కళ్లు మాత్రమే నీటి పైకి రావాలి, నోరు రాకూడదు, గాలి ఆ వెంటనే పక్కకు తిరిగి పీల్చుకోవాలి. ముందుకు చూస్తూ నోటితో పీల్చబోతే తల మరీ పైకి లేచి నడుము కుంగుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా ప్రాంతంలో నా వయసువాళ్లలో చాలామంది వ్యవసాయ బావుల్లో, నడుముకు ఎండిన సొరబుర్రో ఖాళీ డబ్బానో కట్టుకుని ఈత నేర్చుకున్నవాళ్లే, వాళ్లందరూ తల పైకెత్తి ఈదుతారు. కొలనుకు రాగానే శిక్షకులు మాన్పించే మొదటి అలవాటు అదే. వేగం కోసం మాన్పించడం సరైనదే అయినా, మెడను ఆడిస్తూనే బార తెగకుండా వేసే ఆ పాత నేర్పు దిక్కు చూసుకోవడంలో నాకు ఇప్పుడు నేరుగా పనికొచ్చింది. కొలనులోనే నేర్చుకున్న కుర్రాళ్లకు ఇదే పని చాలా కష్టంగా ఉంది.

నేరుగా ఈదడం వేరే సమస్య. వరుస ఖాళీగా ఉన్నప్పుడు కళ్లు మూసుకుని పది బారలు వేసి చూస్తే ఎటు వంగుతున్నామో తెలిసిపోతుంది, నేను ప్రతిసారీ ఎడమ తాడుకు తగిలాను. ముఖం మధ్యలో నిలిచే గాలి గొట్టం, అంటే స్నార్కెల్, పెట్టుకుంటే తల తిప్పే పని ఉండదు కాబట్టి, తప్పు తలదా చేతిదా అని విడదీసి చూడవచ్చు. స్నార్కెల్‌తో వంకర దాదాపు పోయింది, అంటే కుడివైపే గాలి పీల్చే అలవాటే కారణం. అందువల్ల మూడు బారలకు ఒకసారి, రెండు వైపులా మార్చి పీల్చడం మొదలుపెట్టాను. స్నార్కెల్ కొత్తలో ముక్కులోకి నీరు పోతుంది, ముక్కు క్లిప్పు కొనుక్కోవడం మేలు.

టోపీ కింద చెవి వెనుక పెట్టుకునే ఫినిస్ టెంపో ట్రైనర్ అనే చిన్న బీప్ పరికరం ఒక మిత్రుడి దగ్గర అరువు తెచ్చుకున్నాను. రెండు బీపుల మధ్య వ్యవధిని సెకనులో నూరో వంతు వరకు మార్చుకోవచ్చు. నా సహజమైన లయ 1.30 సెకన్లకు ఒక బార, అంటే నిమిషానికి సుమారు 46. నిశ్చలమైన కొలనులో ఆ సాగదీసిన బార హాయిగా ఉంటుంది, కానీ అలలున్న చోట చేయి చాచి జారుతున్న సమయంలోనే ఎదురు అల వచ్చి ఆపేస్తుంది. ఒక్కో వారం 0.02 సెకన్ల చొప్పున తగ్గిస్తూ వచ్చి ఇప్పుడు 1.12 దగ్గర ఉన్నాను, అంటే నిమిషానికి 53 పైచిలుకు. ఇంకా తగ్గిస్తే చేయి నీటిని పట్టకుండా జారుతోంది, అందుకని అక్కడే ఆపాను.

నడుము బెల్టుకు సాగే రబ్బరు గొట్టం కట్టి, దాని రెండో కొసను గట్టున ఉన్న దూకుడు దిమ్మెకు బిగించి ఉన్నచోటే ఈదడం అచ్చమైన ఎదురీత. బలం సమానంగా ఉన్నంతసేపు నిలుస్తాము, చెయ్యి సడలితే గొట్టం వెనక్కి లాగుతుంది. గోడ జోక్యం లేకుండా పది నిమిషాలు ఏకధాటిగా బారలు వేయడానికి చిన్న కొలనులో ఇంతకంటే మార్గం లేదు. అయితే నీరు మన పక్కనుంచి వెనక్కి పారదు కాబట్టి చేతికి తెలిసే స్పర్శ వేరుగా ఉంటుంది, వారానికి ఒకసారికి మించి నేను చేయను. క్లోరిన్‌కు, మన ఎండకు రబ్బరు పగుళ్లు తీస్తుంది, కట్టుకునే ముందు గొట్టాన్ని వేళ్లతో సాగదీసి చూడడం మరచిపోకూడదు.

నీటి గొడుగులా వెనక లాగే పారాచూట్, చేతులకు తగిలించుకునే, అరచేతి కంటే పెద్ద పలకలైన ప్యాడిల్స్ బలాన్ని పెంచుతాయేమో గాని నా ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు, పైగా పెద్ద ప్యాడిల్స్ భుజం మీద భారం వేస్తాయి. నడుముకు కట్టుకునే నారింజ రంగు గాలి బుడగ, అంటే టో ఫ్లోట్, దూరం నుంచి పడవలవారికి మనం కనబడేందుకు ఉద్దేశించినది. దాన్ని ప్రాణరక్షణ సాధనంగా భావించకూడదు. దాని పట్టీ కాళ్లకు తగలకుండా ఈదడం మాత్రం కొలనులోనే అలవాటు చేసుకోవచ్చు.

వస్తువులు ఇవ్వలేనిది మనుషులు ఇస్తారు. ఒకే వరుసలో ముగ్గురం పక్కపక్కన బయలుదేరి, క్యాన్ చుట్టూ ఒకేసారి మళ్లితే మోచేతులు, మడమలు తగలడం, కళ్లద్దాలు జారడం అన్నీ జరుగుతాయి. కళ్లద్దాల పట్టీని టోపీ లోపల పెట్టుకుంటే ఊడిపోదు. ముందువాడి పాదాల బుడగల వెంట ఈదితే శ్రమ తగ్గుతున్నట్టు వెంటనే తెలుస్తుంది, కానీ అతడు వంకరగా పోతే మనమూ పోతాం, అందుకే వెనుక ఉన్నా క్యాన్‌ను చూడడం ఆపకూడదు.

ఎండాకాలంలో సాయంత్రం నీళ్లు గోరువెచ్చగా మారాయి. అంతర్జాతీయ ఈత సమాఖ్య అయిన వరల్డ్ అక్వాటిక్స్ నియమాల ప్రకారం బహిరంగ జలాల పోటీకి నీటి ఉష్ణోగ్రత 16 నుంచి 31 డిగ్రీల మధ్య ఉండాలి. కాబట్టి మే నెల పొడవునా తెల్లవారుజామునే వెళ్లి, దూరం తగ్గించి, లయ మీదే పనిచేశాను. ఇంకొక చిన్న సంగతి: మా బోరు నీళ్లతో కడిగి ఆరబెడితే కళ్లద్దాల మీద తెల్లటి పొర కడుతోంది, తాగే నీళ్లతో కడగడం మొదలుపెట్టాక ఆ బాధ లేదు.

వానాకాలం నాటికి గోడతో 400 మీటర్లకు 9 నిమిషాలు, గోడ లేకుండా 399 మీటర్లకు 9 నిమిషాల 40 సెకన్లు వచ్చింది. గోడతో తగ్గింది పది సెకన్లే అయినా తేడా 85 నుంచి 40కి దిగింది. రాబోయే వారాలకు ఆదివారాల పని ఇలా పెట్టుకున్నాను: ఒడ్డు తాకకుండా లోతు వైపు నీటిలో తేలుతూ నిలబడి బయలుదేరడం, ట్యూబుతో 21 మీటర్లు నాలుగుసార్లు, తర్వాత ట్యూబు తీసేసి 1.12 లయలో క్యాన్ చుట్టూ 399 మీటర్లు మూడుసార్లు, మధ్యలో ముప్పై సెకన్ల విరామం, ఆ విరామంలో కూడా గట్టు పట్టుకోకుండా తేలుతూనే ఉండడం.