క్రాఫ్ట్ పీరియడ్‌లో కృష్ణ

గద్వాలలో స్వెటర్‌తో పనేముంది అని మా క్రాఫ్ట్ టీచర్‌ను అడగని బ్యాచ్ లేదు. సంక్రాంతి రోజుల్లో కూడా పది గంటలయ్యేసరికి ఎండ చురుక్కుమనే ఊరు మనది. అయినా ఆవిడ మా చేత సూదులు పట్టించేవారు. జూరాల ప్రాజెక్టు కడుతున్న రోజులవి. ఆవిడ భర్త, అంటే సారుకు అక్కడ ఉద్యోగం, ఆవిడకు మన బడిలో. పుట్టి పెరిగింది బందరులో కాబట్టేమో, అల్లికలో ఏం చెప్పినా మాట సముద్రం దగ్గరికి పోయేది.

ఆవిడకు బాగా ఇష్టమైన డిజైన్ షెట్లాండ్ దీవులది. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న ఆ దీవుల్లో ఆడవాళ్ళు సన్నటి ఉన్నితో శాలువాలు అల్లేవాళ్ళట. ఆ డిజైన్ పేరు ఓల్డ్ షేల్. 18 కుట్లు ఒక జట్టు. ముందు రెండేసి కుట్లు కలిపి మూడుసార్లు అల్లాలి. తర్వాత సూదికి దారం చుట్టి ఒక కుట్టు, మళ్ళీ చుట్టి ఒక కుట్టు, ఇలా ఆరుసార్లు. చివర మళ్ళీ రెండేసి కలిపి మూడుసార్లు. తగ్గినవీ పెరిగినవీ సరిపోయి లెక్క 18కే వస్తుంది. కానీ కలిపిన చోట అల్లిక ముడుచుకుంటుంది, చుట్టిన చోట విచ్చుకుంటుంది. దాంతో వరస తిన్నగా ఉండలేక వంపు తిరుగుతుంది. నాలుగు వరసలకోసారి ఇదే పని. రంగు మార్చక్కర్లేదు, బొమ్మ గీయక్కర్లేదు, అల దానంతటదే వస్తుంది.

మాలో సముద్రం చూసినవాళ్ళు ఎవరూ లేరు. బీచుపల్లి నుంచి బస్సులో వచ్చే అమ్మాయి ఒకతి ఆ అలలను చూసి, "మా కృష్ణ ఇట్ల ఉండదు టీచర్" అంది. ఆవిడ నొచ్చుకోలేదు. "మరెలా ఉంటుందో అల్లి చూపించు" అన్నారు. ఆ ఏడాది సిలబస్ అక్కడితో అటకెక్కింది.

ఎండాకాలం కృష్ణను చూసినవాళ్ళకు తెలుసు, నది అంటే ముందు రాళ్ళు. వాటి మధ్య సన్నటి పాయలు, అక్కడక్కడ మడుగులు, మిగతా అంతా ఇసుక. మేం ఇసుకకు గుబ్బలుగా కనిపించే ఉల్టా కుట్లు పెట్టాం, దాని మీద పాయకు నున్నగా ఉండే సీదా కుట్లు రెండేసి. రాయి ఉన్న చోట ఒకటి సీదా, ఒకటి ఉల్టా మార్చి మార్చి అల్లితే గరుకు తేలింది. పాయను పక్కకు జరపాలంటే కుట్లను ఇంకో చిన్న సూది మీదికి తీసి, ముందు పక్క కుట్టు అల్లి, తర్వాత వాటిని అల్లాలి. అంత చిన్న సూది ఎక్కడ దొరుకుతుంది? సైకిల్ చువ్వ ముక్కను అరగదీసి వాడుకున్నాం.

అసలు చిక్కు వేరే ఉంది. అలలు ఒకదాని వెనక ఒకటి అలాగే వస్తాయి కాబట్టి వాటిని లెక్కలో పెట్టడం తేలిక. పాయలు ఎక్కడ చీలతాయో, ఎక్కడ కలుస్తాయో ఒక పద్ధతంటూ ఉండదు. అలాగని లెక్క వదిలేస్తే స్వెటర్ కుడిచెయ్యి ఒక తీరు, ఎడమచెయ్యి ఒక తీరు అవుతుంది. చివరకు టీచరే దారి చూపారు: పాయల సంఖ్య మార్చకండి, అవి కలిసే వరసను మాత్రం మారుస్తూ పోండి. ఇప్పుడు నేను నిట్‌వేర్ డిజైన్లు చేసి బతుకుతున్నాను. నది మీద ఏం చేసినా నా లెక్క నేటికీ ఇదే.

రెండు రంగుల పాఠం వచ్చినప్పుడు మాత్రం టీచర్ కన్నా మా వాళ్ళే ముందున్నారు. రంగు మారే చోట పాత దారాన్ని, కొత్త దారాన్ని ఒకదానితో ఒకటి మెలివేయకపోతే మధ్యలో సందు పడుతుంది. ఆవిడ ఈ మాట రెండోసారి చెప్పబోతుంటే, "మా నాయిన మగ్గం మీద చేసేదిదే కదా టీచర్" అంది మా బెంచీలో పిల్ల. గద్వాల చీరలో నూలు ఒకవైపు, పట్టు అంచు ఒకవైపు. రెండూ కలిసే చోట పేక పోగులను, అంటే అడ్డంగా నడిచే దారాలను, నేతలోనే పెనవేస్తారు. అంచులకు వేరే నాడెలు (పేక దారాన్ని అటూ ఇటూ నడిపేవి) ఉంటాయి కాబట్టి మగ్గం దగ్గర ఇంకొకరి చెయ్యి కావాలి. ఆ ఇంకొకరు చాలా ఇళ్ళలో బడి అయిపోయాక మా క్లాసు పిల్లలే. ఆ రోజు వాళ్ళ అల్లికలో ఒక్క సందు లేదు.

బ్రిటన్ తీరాల జాలర్ల స్వెటర్ల గురించి కూడా ఆవిడే చెప్పారు. గాన్సీలంటారు. ముదురు నీలం దారంతో బిగుతుగా అల్లి, మోకులు, నిచ్చెనలు, లంగర్లు డిజైన్లుగా వేస్తారు. సముద్రంలో పోయినవాళ్ళను ఆ డిజైన్ చూసి గుర్తుపట్టేవారని ఒక కథ ఉంది. నన్నడిగితే అది చెప్పుకోవడానికి బాగుంటుంది తప్ప ఆధారాలు తక్కువ. నాకు నచ్చింది వాటి చేతులు. భుజం దగ్గర మొదలుపెట్టి మణికట్టు దాకా కిందికి అల్లుతారు. చివర చిరిగితే అక్కడి వరకు విప్పి మళ్ళీ అల్లుకోవచ్చు.

నేను ఎక్కువగా నూలుతోనే చేస్తాను, మన ఎండకు ఉన్ని ఎవరు వేసుకుంటారు? కానీ నూలుకు ఉన్నిలా సాగి వెనక్కి వచ్చే గుణం లేదు, బరువుకు కిందికి జారుతుంది. అందుకే నా పాయలు సన్నగా, దూరం దూరంగా ఉంటాయి. నది అనగానే నీలం దారం తియ్యమనే కొనుగోలుదారులంటే నాకు చిరాకు. 2009 అక్టోబరులో తుంగభద్ర అలంపురం మీదా కర్నూలు మీదా పడ్డప్పుడు ఆ నీళ్ళలో నీలమెక్కడుంది? వరద డిజైన్‌కు నేను వాడేది ఇటుక రంగు.

టీచర్ రిటైరై బందరు వెళ్ళిపోయారు. అప్పుడప్పుడు ఫోన్ చేస్తారు. మొన్న నేను పంపిన ఫోటో చూసి, "ఇంకా ఆ పాయలేనా? ఒక్క అలైనా వెయ్యవే" అన్నారు.

"వేశాను టీచర్, కింద అంచు చూడండి" అన్నాను.