బోదకాలు మాత్ర వెనుక ఉన్న మట్టి జీవి

బోదకాలు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు పాత జబ్బు. దానికి ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ (డైఇథైల్ కార్బమజైన్) మందును 1947లో లోకానికి అందించింది మన తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికా మందుల సంస్థ లెడర్లీకి చెందిన పరిశోధన బృందమేనన్న సంగతి ఇక్కడి పిల్లలకు బడిలోనే చెప్పాలని నా కోరిక. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ డీఈసీ, ఆల్బెండజోల్‌లకు ఐవర్‌మెక్టిన్‌ను కూడా జోడించి ఇవ్వవచ్చని సిఫారసు చేసింది. మొదటి రెండూ రసాయనశాలలో పుట్టినవి కాగా, మూడోదాని మూలం మట్టి.

1970లలో జపాన్‌లోని ఇతో పట్టణ సమీపాన సతోషి ఒమురా సేకరించిన మట్టిలో స్ట్రెప్టోమైసిస్ అవెర్మిటిలిస్ అనే బాక్టీరియా దొరికింది. అది తయారుచేసే అవెర్‌మెక్టిన్‌కు పురుగులను చంపే శక్తి ఉందని అమెరికాలోని మెర్క్ సంస్థలో విలియం క్యాంప్‌బెల్ బృందం గుర్తించింది. దానిలో చిన్న రసాయనిక మార్పు చేయగా ఐవర్‌మెక్టిన్ వచ్చింది. 2015 నోబెల్ బహుమతిలో వీరిద్దరికీ భాగం దక్కింది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆ జీవి లోపలి పనితీరు. పొందూరులో చేప దవడ ఎముకతో ఏకిన పత్తి చేతులు మారుతూ సన్నని నూలుగా మారినట్లే, అవెర్‌మెక్టిన్ అణువు కూడా నాలుగు పెద్ద ప్రోటీన్లలో వరుసగా అమరిన 12 ఘట్టాలను దాటుతూ, ఒక్కో ఘట్టంలో కొద్దికొద్దిగా కర్బన గొలుసును పొడిగించుకుంటూ తయారవుతుంది. ఈ ఘట్టాలకు కావలసిన జన్యువులన్నీ క్రోమోజోమ్‌పై ఒకేచోట గుంపుగా ఉంటాయి కనుక శాస్త్రవేత్త జోక్యం చేసుకోవడానికి వీలుంటుంది. గొలుసు మొదలయ్యే సహజ ముక్కను తయారుచేసుకోలేని రకాన్ని ఎంచుకుని, దానికి సైక్లోహెక్సేన్ కార్బాక్సిలిక్ ఆమ్లాన్ని మేపితే, పశువైద్యంలో వాడే డోరామెక్టిన్ అనే కొత్త మందు తయారైంది.

2003లో ఈ బాక్టీరియా జన్యుపటం పూర్తయినప్పుడు సుమారు 90 లక్షల డీఎన్ఏ అక్షరాల ఆ పటంలో ఇలాంటి జన్యు సమూహాలు 30 వరకు కనిపించాయి. మట్టి బాక్టీరియాల్లో ఇటువంటి సమూహాలు చాలావరకు ప్రయోగశాల పెంపకంలో మౌనంగా ఉండిపోతాయి. వాటిని పలికించడానికి, ఆ జన్యువుల ముందు వాటిని పనిలోకి దింపే డీఎన్ఏ ముక్క అయిన ఒక బలమైన ప్రమోటర్‌ను అమర్చవచ్చు, లేదా మొత్తం సమూహాన్నే సులువుగా పెరిగే మరో జీవిలోకి మార్చవచ్చు. ఒమురా సహచరులు 2010లో అవెర్మిటిలిస్ నుంచే దాని సొంత ఉత్పత్తుల జన్యువులను భారీగా తొలగించి, దానిని ఖాళీ చేసిన కార్ఖానాగా మార్చి, క్షయ మందు స్ట్రెప్టోమైసిన్‌ను, మొక్కల్లో మలేరియా మందు ఆర్టిమిసినిన్‌కు ముందు ఏర్పడే అమోర్ఫాడయీన్‌ను సైతం అందులో తయారుచేయించారు. కొత్త మందుల అన్వేషణకు నాకు అన్నిటికన్నా ఆశాజనకంగా తోచే దారి ఇదే.

నౌపడ ఉప్పుమడుల బురదలోనూ, ఉద్దానం జీడితోటల మట్టిలోనూ ఏ జన్యు సమూహాలున్నాయో తెలుసుకునే పని ఇక్కడి విద్యార్థుల చేతుల మీదుగానే జరగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఒమురా పనిచేసిన కిటాసాటో సంస్థ, మెర్క్ నుంచి వచ్చిన రాయల్టీతో ఒక ఆసుపత్రిని కట్టించగలిగింది. మన దేశంలోనూ 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం విదేశీ సంస్థలు ఇక్కడి సూక్ష్మజీవులను పరిశోధనకు తీసుకోవాలంటే జాతీయ జీవవైవిధ్య సంస్థ అనుమతి పొందాలి, లాభంలో వాటా ఇవ్వాలి. ఆ వాటాను అడగాలన్నా మన మట్టిలో ఏముందో ముందుగా మనకు తెలిసి ఉండాలి.